ల్యాబ్‌లో తయారైన సెన్సర్‌కు కస్టమర్ ఎవరు? వంద ఇంటర్వ్యూలు చేసే పద్ధతి

ప్రశ్న క్లుప్తంగా ఇది: గేర్‌బాక్స్ ఆయిల్‌లో నీరు ఎంత చేరింది, ఆమ్లత ఎంత పెరిగింది అన్నది ఆయిల్‌లోనే ఉండి ఎప్పటికప్పుడు కొలిచే సెన్సర్‌ను యూనివర్సిటీ ల్యాబ్‌లో తయారుచేశారు. పేపర్లు వచ్చాయి. మార్కెట్‌కు తీసుకెళ్లే ముందు కస్టమర్ డిస్కవరీ, అంటే కొనే అవకాశం ఉన్నవాళ్లను నేరుగా కలిసి వాళ్ల అవసరం తెలుసుకోవడం, చేయమని సలహా ఇచ్చారు. అదెలా నేర్చుకోవాలి, ఎవరిని కలవాలి, ఏం అడగాలి?

మీ సెన్సర్ బాగుందా అని పదిమందిని అడగడాన్ని కస్టమర్ డిస్కవరీ అనుకుని చాలా జట్లు మొదటి నెల పోగొట్టుకుంటాయి. మీరు తెలుసుకోవాల్సింది వేరు. ఆయిల్ పాడవుతోందని గేర్‌బాక్స్ దగ్గర పనిచేసేవాళ్లకు ఇప్పుడు ఎలా తెలుస్తోంది? తెలిశాక ఏం చేస్తున్నారు? అందులో ఎంత సమయం, ఎంత ఖర్చు పోతోంది? ఆ పద్ధతి మార్చాలంటే ఎవరెవరు ఒప్పుకోవాలి? సెన్సర్ గురించి ఒక్క ముక్క చెప్పకుండానే ఇవన్నీ రాబట్టవచ్చు. నేర్చుకోవాల్సిన విద్య అదే. పరిశోధకులకు ఇది కష్టంగా ఉండటానికి కారణం ఉంది. ఏళ్ల తరబడి వాళ్లు చేసిన సాధన అంతా తమ ఫలితాన్ని వివరించి ఎదుటివారిని ఒప్పించడం మీదే సాగింది.

యూనివర్సిటీల్లో ఈ పనికి ఒక స్థిరమైన రూపం తెచ్చింది అమెరికాలో పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్. 2011లో మొదలైన ఐ-కోర్ కార్యక్రమం, అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో వ్యాపారవేత్త స్టీవ్ బ్లాంక్ మొదలుపెట్టిన లీన్ లాంచ్‌ప్యాడ్ కోర్సును ఆధారం చేసుకుంది. జట్టులో ముగ్గురు ముఖ్యం. ఇంటర్వ్యూల భారం మోసే ఎంటర్‌ప్రెన్యూరియల్ లీడ్, సాధారణంగా పీహెచ్‌డీ విద్యార్థో పోస్ట్‌డాకో. టెక్నాలజీ తెలిసిన ప్రొఫెసర్. పరిశ్రమలో అనుభవం ఉన్న మెంటర్. ఏడు వారాల్లో కనీసం 100 ఇంటర్వ్యూలు. ఆ కార్యక్రమంలో చేరే అవకాశం లేకపోయినా ఇవే కొలతలు పెట్టుకుని మీరు సొంతంగా చేసుకోవచ్చు. వంద అన్న అంకెకు మహిమ ఏమీ లేదు. మొదటి పది పదిహేను ఇంటర్వ్యూలు అడగడం నేర్చుకోవడానికే సరిపోతాయి. తర్వాతి ఇరవై ముప్ఫై, మనం కలవాల్సినవాళ్లు వీళ్లు కాదని గ్రహించడానికి. అసలు సంగతి ఆ తర్వాత బయటపడుతుంది. ఇరవై దగ్గర ఆపేసిన జట్లు తమ మొదటి ఊహను మరింత గట్టిగా నమ్మడం తప్ప సాధించేది ఏమీ ఉండదు.

బయటికి కాలు పెట్టే ముందు పేటెంట్ సంగతి చూసుకోండి. దాఖలు చేయకముందే ఆవిష్కరణ వివరాలు బహిరంగమైతే యూరప్‌లో పేటెంట్ అవకాశం దాదాపు పోయినట్టే. అమెరికాలో ఆవిష్కర్త తానే బయటపెట్టిన నాటినుంచి ఏడాది గడువు ఉంటుంది. మీ పేపర్లు ఇప్పటికే వచ్చాయి కాబట్టి, వాటికి ముందు దాఖలు జరిగిందా, ఇంకా బయటపెట్టని భాగం ఏదైనా మిగిలుందా అని యూనివర్సిటీలో పేటెంట్లు, లైసెన్సులు చూసే టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ ఆఫీసును ఈ వారమే అడగండి. ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేస్తే పూర్తి దరఖాస్తుకు 12 నెలల సమయం దొరుకుతుంది. ఇంటర్వ్యూలకు రహస్య ఒప్పందాలు మాత్రం వెంట తీసుకెళ్లకండి. మొదటి పరిచయంలోనే సంతకం అడిగితే ఆ కాగితం అవతలి కంపెనీ లీగల్ విభాగానికి వెళ్తుంది, అక్కడే ఉండిపోతుంది. మీరు మాట్లాడేది వాళ్ల సమస్య గురించి. సెన్సర్ పొర ఏ పదార్థంతో చేశారో చెప్పే అవసరమే రాదు. ఈ ఇంటర్వ్యూలను తర్వాత పరిశోధన వ్యాసంగా ప్రచురించే ఉద్దేశం ఉంటే, మొదలుపెట్టకముందే మీ సంస్థ ఎథిక్స్ కమిటీని సంప్రదించండి.

ఊహలు కాగితం మీద పెట్టడం తర్వాతి పని. ఒక్కో ఊహ ఒక్కో వాక్యం: ఎవరు, ఏ పనిలో, ఏ ఇబ్బంది పడుతున్నారు, ఇప్పుడు దాన్ని ఎలా నెట్టుకొస్తున్నారు. ఉదాహరణకు: "నిరంతరం నడిచే ప్లాంట్లలో మెయింటెనెన్స్ ఇంజినీర్లు ఆయిల్ నమూనా బయటి ల్యాబ్‌కు పంపి ఫలితం కోసం రోజుల తరబడి ఎదురుచూస్తారు, ఈలోగా బేరింగులు దెబ్బతింటున్నాయి." ఈ వాక్యం పక్కనే, ఏం వింటే ఇది తప్పని ఒప్పుకుంటారో ముందే రాయండి. "ఈ కోవకు చెందిన పదిమందిలో కనీసం ఆరుగురు, గత ఏడాదిలో ఆయిల్ వల్ల మెషిన్ ఆగిన ఒక సంఘటనను మనం ఎత్తకుండా వాళ్లంతట వాళ్లే చెప్పకపోతే ఈ ఊహ కొట్టేయాలి." ఇంటర్వ్యూ అయ్యాక ఈ గీత గీస్తే పనికిరాదు. విన్నదాన్ని మనకు కావలసిన వైపు తిప్పుకోవడం చాలా తేలిక. ప్రయోగానికి ముందే ప్రమాణం నిర్ణయించుకునే అలవాటు మీకు ల్యాబ్‌లో ఉన్నదే, దాన్నే ఇక్కడికి తెచ్చుకోండి.

ఎవరిని కలవాలన్న దగ్గర "కస్టమర్" అనే ఒక్క మాట సరిపోదు. మీ విషయంలో రోజూ గేర్‌బాక్స్ చూసుకునే టెక్నీషియన్ వాడకందారు. మెషిన్లు ఆగకుండా నడిచేలా చూసే రిలయబిలిటీ ఇంజినీరు సిఫారసు చేస్తారు. మెయింటెనెన్స్ హెడ్ లేదా ప్లాంట్ హెడ్ నిర్ణయిస్తారు. డబ్బు ఎవరి బడ్జెట్‌లోంచి వస్తుందన్నది వేరే ప్రశ్న. మెయింటెనెన్స్ ఖర్చు కింద పడితే ఒకరి సంతకం చాలు, పెట్టుబడి వ్యయం కింద పడితే వార్షిక బడ్జెట్ దాకా ఆగాలి. వీళ్లు కాక అడ్డుపడగలవాళ్లు కొందరుంటారు. వీళ్లనే జట్లు ఎక్కువగా మరిచిపోతాయి. ప్లాంట్ నెట్‌వర్క్‌కు కొత్త పరికరం తగిలించడానికి ఐటీ విభాగం ఒప్పుకోకపోవచ్చు. గేర్‌బాక్స్ తయారీదారు, కేసింగ్‌కు కొత్త రంధ్రం వేస్తే వారంటీ వర్తించదని అనవచ్చు. ఈ ఒక్క వారంటీ మాట మీ ఉత్పత్తి ఆకారాన్నే మార్చేస్తుంది. కొత్త రంధ్రం అక్కర్లేకుండా, ఉన్న శాంప్లింగ్ పోర్టుకో డ్రెయిన్ ప్లగ్ చోటుకో సరిపోయేలా సెన్సర్‌ను మలచాలి. డ్రెయిన్ దగ్గరైతే మడ్డి, విడిపోయిన నీరు అడుక్కి చేరతాయి కాబట్టి, అక్కడి రీడింగు మొత్తం ఆయిల్ పరిస్థితిని చెబుతుందా అనే కొత్త సాంకేతిక ప్రశ్న పుడుతుంది. ఇలా బయట విన్న మాట తిరిగి ల్యాబ్ పనిని నిర్ణయించడం ఈ పద్ధతిలో దక్కే పెద్ద లాభం.

అపాయింట్‌మెంట్లు దొరకడం గురించి అందరూ భయపడతారు. వారానికి పదిహేను ఇంటర్వ్యూలు కావాలంటే అంతకు నాలుగైదు రెట్లమందికి రాయాల్సి వస్తుందని లెక్క వేసుకోండి. ఉత్తరం అయిదారు వాక్యాలు దాటకూడదు:

"నమస్కారం. నేను ఫలానా యూనివర్సిటీలో గేర్‌బాక్స్ లూబ్రికేషన్ మీద పరిశోధన చేస్తున్నాను. ప్లాంట్లలో ఆయిల్ పరిస్థితిని రోజువారీగా ఎలా చూసుకుంటారో ఆ పని చేసేవారి నుంచే తెలుసుకోవాలనుకుంటున్నాను. అమ్మడానికి నా దగ్గర ఏమీ లేదు. మీకు వీలైన రోజు 20 నిమిషాలు కేటాయించగలరా? వచ్చే వారం మంగళ, గురువారాల్లో ఎప్పుడైనా నాకు కుదురుతుంది."

యూనివర్సిటీ పేరుకు ఇక్కడ మంచి విలువ ఉంది. విద్యార్థి అడిగితే సాయం చేద్దామనుకునేవాళ్లు, సేల్స్‌మన్ అడిగితే ముఖం చాటేస్తారు. అమ్మడానికి ఏమీ లేదని రాశాక ఆ మాట మీద నిలబడాలి. చివరి అయిదు నిమిషాల్లో బ్రోషర్ తీయడం చాలా తప్పు. ఆ మనిషి మళ్లీ మీ ఫోన్ ఎత్తరు, తోటివాళ్ల పేర్లూ చెప్పరు. వారం తర్వాత ఒకసారి గుర్తుచేయండి, మర్యాదగా. ప్రతి ఇంటర్వ్యూ చివర "ఈ విషయం మీకంటే దగ్గరగా చూసేవాళ్లు ఎవరైనా ఉన్నారా? పరిచయం చేయగలరా?" అని అడిగితే మూడో వారం నుంచి కొత్తవాళ్లకు రాయాల్సిన అవసరం బాగా తగ్గుతుంది. తోటి ప్రొఫెసర్లు, కాన్ఫరెన్సులో పలకరించిన పరిశోధకులు ఈ వందలోకి రారు. వాళ్లకు మీ సెన్సర్ నచ్చుతుంది, కానీ వాళ్ల దగ్గర గేర్‌బాక్స్ లేదు.

ఇప్పుడు ఇంటర్వ్యూ. ఇద్దరు వెళ్లండి. ఒకరు అడగాలి, ఒకరు రాసుకోవాలి. ముగ్గురు నలుగురు వెళ్తే అవతలి మనిషి జాగ్రత్తపడతారు. అవతల కూడా ఒక్కరే ఉండేలా చూసుకోండి. పై అధికారి పక్కన కూర్చుంటే టెక్నీషియన్ నోట రూల్‌బుక్‌లో ఉన్న సమాధానమే వస్తుంది. రికార్డు చేయాలంటే ముందు అనుమతి అడగాలి, చాలామంది దగ్గర రికార్డింగ్ లేకపోతేనే మాట సాగుతుంది. వీలైతే వాళ్లు పనిచేసే చోటే కలవండి, ఎందుకంటే నోటితో చెప్పనిది అక్కడ కంటికి కనిపిస్తుంది.

ప్రశ్నల్లో గుర్తుపెట్టుకోవాల్సిన నియమం: జరిగినదాన్ని అడగండి, జరగబోయేదాన్ని అడగకండి. "ఇలాంటి సెన్సర్ వస్తే కొంటారా?" అంటే మర్యాదకు "తప్పకుండా" అంటారు. ఆ మాటకు విలువ లేదు. అది అబద్ధమని కాదు, ఆ క్షణంలో ఆయన డబ్బూ పేరూ దేన్నీ పణంగా పెట్టలేదు. "ఆయిల్ సమస్యలు మీకు పెద్ద తలనొప్పేనా?" అన్నది కూడా చెడ్డ ప్రశ్నే, జవాబు మనమే నోట్లో పెడుతున్నాం. దాని బదులు ఇలా మొదలుపెట్టండి: "మెషిన్ అనుకోకుండా ఆగిన చివరి సందర్భం ఏది? ఆ రోజు ఏం జరిగిందో మొదటినుంచి చెబుతారా?" ఆయిల్ అనే మాట మీరు ఎత్తలేదని గమనించండి. ఆయన చెప్పే కథలో ఆయిల్ రాకపోతే అదే పెద్ద సమాచారం. బహుశా ఆయన అసలు బాధ బెల్టులో, మోటారులో, మనుషుల కొరతలో ఉంది.

కథ మొదలయ్యాక లోపలికి దిగండి. ముందు ఎవరు గమనించారు, ఏ సమయానికి? తర్వాత ఎవరికి ఫోన్ చేశారు? ఎన్ని గంటలు ఆగింది? స్పేర్ పార్టు స్టోర్‌లో ఉందా, తెప్పించారా? అంతకు ముందు ఏ సూచనా కనిపించలేదా? కనిపిస్తే ఎందుకు ఆపలేదు? ఈ చివరి ప్రశ్న దగ్గర మీరు మౌనంగా ఉండటం నేర్చుకోవాలి. జవాబు రావడానికి నాలుగైదు సెకన్లు పడుతుంది. కొత్తవాళ్లు ఆ నిశ్శబ్దం భరించలేక ఇంకో ప్రశ్న వేసేసి, అందబోతున్న మాటను చేజార్చుకుంటారు.

ఒక సన్నివేశం ఊహించండి. మెయింటెనెన్స్ గదిలో ఇనుప ర్యాక్ మీద ఆయిల్ నమూనాల సీసాలు వరుసగా ఉన్నాయి. ఒక్కోదానికి మెషిన్ నంబరు, తేదీ రాసిన లేబుల్. మాటల్లో మీకు "ప్రతి నెలా ల్యాబ్‌కు పంపిస్తాం" అని చెప్పారు. లేబుళ్ల మీద చూస్తే రెండు నెలల కిందటి సీసాలు అక్కడే ఉన్నాయి. వాటిని చూపించి "ఇవి ఎప్పుడు వెళ్తాయి?" అని మామూలుగా అడగండి. తప్పు పట్టినట్టు ఉండకూడదు. "పది పోగయ్యాక కలిపి పంపుతాం, రిపోర్టు వచ్చినా షట్‌డౌన్ వచ్చేదాకా మెషిన్ ఆపనివ్వరు కదా" అన్నారనుకోండి. షట్‌డౌన్ అంటే మరమ్మతుల కోసం ముందే అనుకున్న తేదీకి ప్లాంటును ఆపడం. ఈ ఒక్క వాక్యం మీ మొదటి ఊహను తలకిందులు చేస్తుంది. ఫలితం ఆలస్యంగా రావడం ఆయన బాధ కానే కాదు. రీడింగు చేతిలో ఉన్నా, దాని ఆధారంగా మెషిన్ ఆపే అధికారం ఆయనకు లేదు. అలాంటప్పుడు నిమిషానికో రీడింగు ఇచ్చే సెన్సర్ ఆయనకు ఇంకో తలనొప్పి. అదే మనిషికి "వచ్చే షట్‌డౌన్ దాకా ఈ ఆయిల్ ఆగుతుందా, ఆగదా" అని చెప్పగలిగితే, ఆ కాగితం పట్టుకుని ప్లాంట్ హెడ్ దగ్గరికి వెళ్తారు. సెన్సర్ అదే, అమ్మే వస్తువు మాత్రం వేరు.

ఆయన ఇప్పటికే ఏం ప్రయత్నించారో తప్పకుండా అడగండి. వైబ్రేషన్ మానిటరింగ్ పెట్టించారా? ఆయిల్‌ను గడువుకు ముందే మార్చేస్తున్నారా? సొంతంగా ఎక్సెల్ షీట్ ఏదైనా నడుపుతున్నారా? సమస్య నిజంగా బాధిస్తే జనం ఏదో ఒక అతుకు వేసుకుని ఉంటారు. ఏ అతుకూ లేని చోట, ఎంత నిట్టూర్చినా, కొనుగోలు జరగడం అరుదు. మీ పోటీ కూడా ఇంకో సెన్సర్ కంపెనీతో అని అనుకోకండి. చాలాసార్లు అది గడువుకు ముందే ఆయిల్ మార్చేసే అలవాటుతో. దానికి ఏ అనుమతులూ అక్కర్లేదు, ఎవరూ తప్పు పట్టరు.

ముగించే ముందు "నేను అడగాల్సింది ఏదైనా వదిలేశానా?" అని అడగండి. నోటుబుక్ మూసి లేచి నిలబడ్డాక వచ్చే మాటలు చాలాసార్లు విలువైనవి, బయటికి రాగానే రాసుకోండి.

నోట్సు అదే రోజు పూర్తిచేయాలి, మర్నాటికి మీ భాష ఆయన భాషలో కలిసిపోతుంది. నాలుగు వేరువేరుగా రాయండి: ఆయన అన్న మాటలు యథాతథంగా, అంకెలు, మీరు కళ్లతో చూసినవి, వీటినుంచి మీరు చేసిన నిర్ధారణ. మొదటి మూడూ ఒక రంగు, నాలుగోది ఇంకో రంగు. "ఆయనకు చాలా ఆసక్తి ఉంది" అన్నది నిర్ధారణ. "తన ఎక్సెల్ షీట్ తెరిచి చూపించారు, నకలు పంపుతానన్నారు" అన్నది ఆధారం. ఈ తేడా పాటించని నోట్సు నెల తర్వాత చదివితే ఎందుకూ కొరగావు.

వారానికొకసారి జట్టంతా కూర్చుని ఊహల పట్టిక దిద్దండి. ఏది నిలిచింది, ఏది పోయింది, కొత్తగా ఏది పుట్టింది. సమాధానాలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటే ఇంటర్వ్యూలు పాడయ్యాయని అనుకోనక్కర్లేదు, సాధారణంగా రెండు మూడు రకాల కస్టమర్లను ఒకే గాటన కట్టారని అర్థం. ఎత్తైన టవర్ మీద గేర్‌బాక్స్ ఉండే గాలిమరల నిర్వాహకులకు నమూనా తీయడానికి మనిషి పైకెక్కడమే పెద్ద ఖర్చు. నేలమీద గేర్‌బాక్స్ ఉన్న పేపర్ మిల్లుకు ఆ బాధ లేదు, కానీ చుట్టూ ఆవిరి, నీరు కాబట్టి ఆయిల్‌లోకి తేమ చేరే ముప్పు ఎక్కువ. వీళ్లిద్దరి సగటు తీస్తే ఎవరికీ పనికిరాని ఉత్పత్తి వస్తుంది. విడగొట్టండి. ఒక రకంలో వరుసగా ఏడెనిమిదిమంది కొత్త విషయమేదీ చెప్పకపోతే ఆ రకం మీద ఇక ఆపి ఇంకోదానికి వెళ్లండి.

ప్రొఫెసర్ కనీసం పది ఇంటర్వ్యూలకు స్వయంగా వెళ్లాలి. విద్యార్థి తిరిగొచ్చి "ఎవరికీ ఈ కచ్చితత్వం అక్కర్లేదట" అంటే ఆ మాట గదిలో నిలవదు. అదే మాట మెయింటెనెన్స్ హెడ్ నోట ప్రొఫెసర్ నేరుగా వింటే నిలుస్తుంది. అక్కడ ప్రొఫెసర్ వివరణలోకి దిగకుండా చూసుకునే బాధ్యత మెంటర్‌ది. ఈ ఒప్పందం బయల్దేరే ముందే చేసుకోండి.

విన్నదాన్ని తూకం వేయడానికి ఒక కొలమానం ఉండాలి. పొగడ్తకు సున్నా. తమ సమయం మళ్లీ ఇవ్వడం, రెండో సమావేశం పెట్టడం కొంచెం విలువైనవి. పై అధికారికి పరిచయం చేయడం అంతకంటే విలువైనది, ఎందుకంటే తమ పరువు పెడుతున్నారు. పాత ఆయిల్ రిపోర్టులు, నమూనాలు ఇవ్వడం, ఒక గేర్‌బాక్స్ మీద ప్రయోగానికి ఒప్పుకోవడం ఇంకా పైన. డబ్బిచ్చి చేయించుకునే పైలట్ (చిన్న స్థాయిలో వాడి చూడటం) అన్నిటికంటే పైన. యాభై ఇంటర్వ్యూలు దాటాక కూడా అన్నీ మొదటి మెట్టు దగ్గరే ఉంటే సమస్య ఎంపికలోనే లోపం ఉంది, మరో యాభై చేసినా అది తీరదు.

మార్కెట్ పరిమాణాన్ని ఈ నోట్సులోంచే కట్టండి. పెద్ద అంకెలో ఒక శాతం మాకు వస్తుందనే లెక్కను ఎవరూ నమ్మరు. ఒక ప్లాంటులో ఆగితే ఉత్పత్తి నిలిచిపోయే గేర్‌బాక్సులు ఎన్ని, అలాంటి ప్లాంట్లు ఎన్ని, ఒక్కోదానికి వాళ్లు ఏ బడ్జెట్‌లోంచి ఎంత ఖర్చుపెట్టగలరు అని కింది నుంచి కూడుకుంటూ రండి. విలువ లెక్క కూడా ఇలాగే. ఏడాదికి రెండుసార్లు, ఒక్కోసారి 16 గంటలు మెషిన్ ఆగిందంటే నష్టం 32 గంటలు. అందులో ఆయిల్ వల్ల ఆగింది ఒక్కసారే అయితే మీరు ఆదా చేయగలిగింది గరిష్ఠంగా 16 గంటలు, మీ హెచ్చరికను పట్టించుకుని ముందే ఆపితే ఆ ఆపిన గంటలు ఇందులోంచి తీసేయాలి. ఈ తీసివేత మరిచిపోయిన లెక్కను ప్లాంట్ హెడ్ ఒక్క నిమిషంలో పట్టేస్తారు.

ఏడు వారాల చివర మూడు దారుల్లో ఏదో ఒకటి తేలుతుంది. కంపెనీ పెట్టడం, గేర్‌బాక్స్ తయారీదారుకో ఆయిల్ ల్యాబ్‌కో లైసెన్సు ఇవ్వడం, ఈ వినియోగానికి ఇక్కడితో ఆపడం. మీ విషయంలో వారంటీ, అమర్చే చోటు రెండూ తయారీదారు చేతిలోనే ఉన్నాయి కాబట్టి లైసెన్సు దారిని మొదటినుంచీ తెరిచి ఉంచండి, వందలో కనీసం పదిహేను ఇంటర్వ్యూలు తయారీ కంపెనీల డిజైన్, సర్వీసు విభాగాలవాళ్లతో చేయండి. ఆపేయాలని తేలినా ఓటమిగా రాయకండి. ఏ ఊహ ఎందుకు పోయిందో, ఏ కస్టమర్ ఏమన్నారో పట్టికతో సహా టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ ఆఫీసుకు ఇవ్వండి. పేర్లు, కంపెనీ వివరాలు తొలగించాకే ఇవ్వండి, వాళ్లు మాట్లాడింది మీ మీద నమ్మకంతో.

ఈ వారానికి పని ఇది: పేటెంట్ గురించి ఒక ఫోన్, అయిదు ఊహలు కొట్టేసే గీతలతో సహా, నలభైమంది పేర్ల జాబితా, పైన రాసిన ఉత్తరం మొదటి పదిమందికి. మొదటి మూడు ఇంటర్వ్యూల నోట్సు వచ్చాక, వాటిలో మీరు మాట్లాడిన నిమిషాలు ఎన్నో, అవతలివాళ్లు మాట్లాడిన నిమిషాలు ఎన్నో లెక్కవేయండి. మీ వాటా మూడో వంతు దాటితే నాలుగో ఇంటర్వ్యూకు ముందు ప్రశ్నలు సగానికి తగ్గించండి.